పద్నాలుగో గది రిసెప్టర్ల సంజాయిషీ

జూన్ 3

పద్నాలుగో గది శాస్త్రవేత్త గారికి,

మేడం,

విషయం: గది ఖాళీ చేయుట గురించి.

డైరెక్టరు గారి ఆదేశాల మేరకు తెలియజేయడమేమనగా, మన సంస్థకు వచ్చే పెద్దలు కూర్చోవడానికి తగిన చోటు లేనందున, నేలమాళిగలో తమరు వాడుకుంటున్న పద్నాలుగో గదిని సందర్శకుల విశ్రాంతి మందిరంగా మార్చాలని నిర్ణయించడమైనది. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా గది ఖాళీ చేసి తాళాలు మా విభాగంలో అప్పగించగలరు. గత ఇరవై రెండేళ్లుగా తమరు ఆ గదిలో ఏమి చేస్తున్నదీ ఒక పేజీకి మించకుండా రాసి పంపితే, దాన్ని ఫైలులో పెట్టి ఫైలు మూసేస్తాము.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: నేలమాళిగ మెట్ల పక్క గోడ మీద ఒక నత్త పైకి వెళుతూ కనిపించిందని ఊడ్చే ఆవిడ ఫిర్యాదు చేసింది. అది తమదైతే తీసుకెళ్లగలరు. కాకపోతే ఎవరిదో తెలియజేయగలరు.

*

జూన్ 5

పరిపాలనాధికారి గారికి నమస్కారం.

ఖాళీ చెయ్యను.

మీరు ఒక్క పేజీయే ఇచ్చారు కాబట్టి అసలు సంగతి మొదటి మాటలోనే తేల్చేశాను. మిగతా పేజీ, ఎందుకు చెయ్యనో చెప్పడానికి.

నేను నత్తల నరాల మీద పనిచేస్తాను. నత్త కొమ్మును మెత్తటి కుంచె వెంట్రుకతో తాకితే అది చటుక్కున గుల్లలోకి ముడుచుకుంటుంది. ఎందుకు ముడుచుకుంటుందో చాలామంది చెప్పారు. నేను అడిగేది వేరు. కాసేపయ్యాక అది మళ్లీ తల బయట పెడుతుందే, ఇక రావచ్చని దానికి చెప్పిందెవరు? ఆ కబురు అందుకునేది నాడీ కణం మీద ఉండే ఒక రిసెప్టర్ అని నేను ఇరవై రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. అది దేనికీ పనికిరాదని పెద్దలందరూ ఎప్పుడో తేల్చేశారు. సభల్లో నన్ను ‘నత్తల మేడం’ అంటారు. మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా ముందు “ఇంకా నత్తలేనా?” అని, తరవాత “బాగున్నావా?” అంటుంది.

ఒక్కో కణం మీద వేలకొద్దీ రిసెప్టర్లు ఉంటాయి. అవన్నీ ఇప్పుడు ఈ గదిలోనే విరామం లేకుండా పనిచేస్తున్నాయి. అరవై నత్తలు పది వారాలుగా ఈ గదికి అలవాటు పడ్డాయి. మొదట్లో పైఅంతస్తులో లిఫ్టు గుర్రుమన్న ప్రతిసారీ ముడుచుకుపోయేవి, ఇప్పుడు పట్టించుకోవు. కదిలించామా, మళ్లీ మొదటికొస్తుంది. నాకు ఆగస్టు దాకా గడువు కావాలి. ఇవ్వకపోయినా తీసుకుంటాను.

ఇట్లు,
గదిలోనే ఉన్న శాస్త్రవేత్త

తా.క.: గోడ మీది నత్త మాది కాదు. మా నత్తల గుల్లల మీద అంకెలుంటాయి. వేసేది మావారు, బళ్లో డ్రాయింగ్ మాస్టారు. పైగా, మీ విభాగం వైపు వెళ్లాల్సిన ఖర్మ మా నత్తలకి ఇంతవరకూ పట్టలేదు.

*

జూన్ 9

మేడం,

విషయం: గదిలో పరిమితికి మించిన సిబ్బంది.

తమ ఉత్తరం అందినది. అందులో ‘వేలకొద్దీ రిసెప్టర్లు ఈ గదిలోనే విరామం లేకుండా పనిచేస్తున్నాయి’ అని ఉన్నది. అగ్నిమాపక నిబంధనల ప్రకారం పద్నాలుగో గదిలో ఉండదగిన వారు నలుగురు. మా రికార్డులలో తమ పేరు, తమ సహాయకురాలి పేరు తప్ప మరెవరివీ లేవు. ఇంతమందిని ఎవరు నియమించారు? ఎప్పుడు చేరారు? విరామం లేకుండా పనిచేయించడానికి అనుమతి ఎవరిచ్చారు? పూర్తి జాబితా పంపగలరు.

ముప్పై ఒకటో నిబంధన ప్రకారం తమ వివరణ అందేవరకు గది ఖాళీ చేయించే చర్య నిలిపివేయడమైనది.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: ‘పనిచేస్తున్నాయి’ అని రాశారు. ‘పనిచేస్తున్నారు’ అని ఉండవలెను. ఎంత చిన్న ఉద్యోగులైనా మర్యాద అవసరం.

*

జూన్ 11

అయ్యా పరిపాలనాధికారి గారూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి మా సహాయకురాలు నా చేతిలోంచి లాక్కుని తనూ చదివి, “పదకొండు సెకన్లు నోట మాట రాలేదు మేడం నాకు” అంది. ఆమెను మేం ‘స్టాప్‌వాచ్’ అంటాం. ఇరవై ఏళ్లుగా నత్తలు బయటికొచ్చే సమయం కొలిచీ కొలిచీ, ఇప్పుడు దేన్నయినా కొలవకుండా ఉండలేదు.

రిసెప్టర్లు మనుషులు కారు! కంటికి కూడా కనిపించవు. మీకు అర్థమయ్యేలా చెబుతాను. నాడీ కణం ఒక ఇల్లనుకోండి. రిసెప్టర్ ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, బయటి నుంచి వచ్చిన కబురు అందుకుని లోపలికి చేరవేస్తుంది. వచ్చిన కబురే పదే పదే వస్తుంటే విసుగెత్తి గుమ్మం వదిలేసి లోపలికి వెళ్లిపోతుంది కూడా. ఇప్పుడు మేం చేస్తున్నదేమిటంటే, సగం నత్తలకి కొద్దికొద్దిగా మందు వేసి మోతాదు తేలుస్తున్నాం. పూర్తి మందు పడ్డాక ఆ రిసెప్టర్లు ఎంత పిలిచినా పలకవు. అప్పుడు నత్త బయటికొస్తుందా రాదా అన్నది చూడాలి. అంతే.

ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నా వల్ల కాదు. దయచేసి ఇక నన్ను పని చేసుకోనివ్వండి.

ఇట్లు,
శాస్త్రవేత్త

తా.క.: మర్యాద సంగతి మా రిసెప్టర్లకి చెప్పాను. ఏమీ అనుకోలేదట.

*

జూన్ 16

మేడం,

విషయం: రిసెప్టర్ల క్రమశిక్షణారాహిత్యం.

తమ వివరణతో పరిస్థితి మేము అనుకున్నదానికంటే విషమంగా ఉన్నట్టు తేలినది. గుమ్మం దగ్గర నిలబడి కబుర్లు అందుకోవలసిన ఈ ఉద్యోగులు (1) విసుగు వచ్చిందన్న కారణంతో సెలవు చీటీ లేకుండా లోపలికి వెళ్లిపోతున్నారు. (2) పని వేళల్లో మందు పుచ్చుకుంటున్నారు. (3) ఆ స్థితిలో ఎంత పిలిచినా పలకడం లేదు. ఇవన్నీ తమరే స్వహస్తంతో రాసి ఇచ్చారు.

పై మూడు ఆరోపణలకు రిసెప్టర్లు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. అది అందేవరకు, ముప్పై ఒకటో నిబంధన ప్రకారం, గది విషయంలో ఏ చర్యా తీసుకోబడదు.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: మందు పోసింది తమరేనని కూడా ఒప్పుకున్నారు. అధికారికం కాదు గానీ, మా టైపిస్టులిద్దరూ అది ఏ రకమో కనుక్కోమంటున్నారు.

*

జులై 4

పరిపాలనాధికారి గారికి,

పదిహేను రోజులు మీకు జవాబు రాయకూడదని పంతం పట్టాను. కానీ నిన్న డైరెక్టరు గారు పంపారంటూ ఒక వడ్రంగి గజం బద్ద పట్టుకుని వచ్చాడు. సోఫాలకి కొలతలు తీసుకుంటాడట. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“జరగండమ్మా, రెండు నిమిషాల పని.”

“జరగను. లోపల నత్తలున్నాయి. నీ అడుగుల చప్పుడుకే ముడుచుకుంటాయి.”

“చెప్పులు విప్పి వస్తాలెండి.”

విప్పాడు. ఆ మర్యాదకి కరిగిపోయి, కొలతలు వద్దు గానీ చూసి వెళ్లమన్నాను. స్టాప్‌వాచ్ ఇరవై రెండో నంబరు నత్తను కుంచెతో తాకింది. అది ముడుచుకుంది. వడ్రంగి బల్ల ముందు ముంగాళ్ల మీద కూర్చుని, గజం బద్ద ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉన్నాడు. ఎనిమిది నిమిషాలకి ఒక కొమ్ము, తరవాత రెండోది బయటికొచ్చాయి. అతను తన బొటనవేలు నాకు చూపించాడు. సుత్తి దెబ్బ పడి నల్లగా ఉంది. “నాకు దెబ్బ తగిలాక మళ్లీ సుత్తి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టిందమ్మా. ఇది నాకన్నా నయం” అన్నాడు. వెళుతూ వెళుతూ, గదికి నాలుగు మూలలూ సమంగా లేవని, సోఫాలు పట్టవని పైన చెబుతానన్నాడు. ఈ సంస్థలో నా పని ఒక్కసారికే అర్థం చేసుకున్న మొదటి మనిషి అతను. మీకు సిగ్గుగా లేదూ?

సరే. మామూలు మాటలు మీకు ఎక్కడం లేదు కాబట్టి, “వాళ్ల భాషలోనే రాసి పారెయ్యి” అని మావారు ఇచ్చిన సలహా పాటిస్తున్నాను. ఇదిగో సంజాయిషీ:

‘మేము, అనగా పద్నాలుగో గది రిసెప్టర్లము, మనవి చేసుకొనునది. మేము లోపలికి వెళ్లిన మాట నిజం. ఒకే మాట పదిసార్లు వినవలసి వస్తే ఎవరైనా వెళతారు. మందు పుచ్చుకున్న మాటా నిజం. అది సైన్సు కోసం. మాకు గది మారడం ఇష్టం లేదు. మేము కదలము. మమ్మల్ని కదిలించదలిస్తే ముందు మేమెవరమో తెలుసుకుని రావలెను.’

ఇట్లు,
వారి తరఫున శాస్త్రవేత్త

తా.క.: మందు రకం చెప్పను. మీ టైపిస్టులు గంటల తరబడి గుల్లలోంచి బయటికి రాకపోతే ఆ పాపం నాకెందుకు?

*

జులై 10

మేడం,

విషయం: సంజాయిషీపై సంతకాలు లేకపోవుట.

తమ గదికి ఈ నెల పదిహేనున తాళం వేయవలసిందిగా డైరెక్టరు గారు స్వయంగా ఆదేశించారు. అయితే రిసెప్టర్ల సంజాయిషీపై వారి సంతకాలు లేవు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చును. సంతకం లేని సంజాయిషీని అంగీకరించడానికి గానీ తిరస్కరించడానికి గానీ వీలు లేదు. పైగా అది ‘మేము’ అని మొదలవుతున్నందున వారందరూ కలిసి సంఘం పెట్టుకున్నట్టు అనుమానించవలసి వస్తున్నది. ఇవి తేలేవరకు తాళం వేయరాదని డైరెక్టరు గారికి మనవి చేయగా, వారు నా తెలివిని గురించి కొన్ని మాటలు అన్నారు. వాటిని ఫైలులో చేర్చలేదు.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: ఆగస్టు 31న నా పదవీ విరమణ. ఈ ఫైలు అప్పటికైనా తేలుతుందని ఆశ.

*

జులై 13

అయ్యా,

సంతకాలు కావాలన్నారు. మా రిసెప్టర్లకి వేళ్లు లేవు. వాటి యజమానుల్ని నడిపించాను. అరవై నత్తలూ ఏడు కాగితాల మీద ఒక్కొక్కటిగా నడిచి జిగురు చారలు వేశాయి. ప్రతి చార పక్కనా నంబరు వేశాం. నలభై ఒకటో నంబరు సగం దూరం వెళ్లి వెనక్కి తిరిగింది. దానికి అభ్యంతరం ఉన్నట్టు నమోదు చేసుకోండి.

సంఘం ఉంది. అధ్యక్షురాలిని నేనే. పదిహేనున తాళం తెచ్చేవాళ్లు నన్ను లోపల పెట్టి వేసుకోవచ్చు. నాకు లోపల పని ఉంది.

ఇట్లు,
అధ్యక్షురాలు

తా.క.: కాగితాలు ఆరాకే ఫైలులో పెట్టండి.

*

జులై 15

మేడం,

సంతకాలు అందినవి. తా.క. చూడకుండానే వాటిని ఫైలులో పెట్టినందున నలభై రెండో పేజీ నుంచి యాభయ్యో పేజీ వరకు అతుక్కుపోయినవి. తాళం వేయమన్న ఆదేశం నలభై ఏడో పేజీలో ఉన్నది. పేజీలు విడదీయుటకు ఫైలును బైండింగు విభాగానికి పంపడమైనది. వారు ఆరు వారాలు పడుతుందన్నారు. ఆదేశాన్ని కళ్లతో చూడకుండా అమలు చేయడం నిబంధనలకు విరుద్ధం.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: తా.క.లు ఉత్తరం పైభాగాన రాస్తే ఇలాంటివి జరగవు.

*

ఆగస్టు 27

పరిపాలనాధికారి గారికి,

తేలింది.

జులై ఇరవై రెండో తేదీ ఉదయం పది గంటలకి, పూర్తి మోతాదుతో అసలు ప్రయోగం మొదలుపెట్టాం. మందు వెయ్యని ముప్పై నత్తలూ పదేసి నిమిషాల్లో తలలు బయట పెట్టాయి. మందు వేసిన ముప్పయ్యీ మూడు గంటలైనా పెట్టలేదు. ప్రాణాలతోనే ఉన్నాయి, ఆరోగ్యంగానే ఉన్నాయి. కానీ ఇక రావచ్చన్న కబురు అందుకునేవాళ్లు గుమ్మంలో లేరు. మంచినీళ్లతో మందు కడిగేశాం. ఎదురు చూశాం. నేను కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముప్పై ఏడో నంబరు ముందు కదిలింది. “వచ్చేసింది మేడం!” అని స్టాప్‌వాచ్ అరిచింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి బొత్తాం నొక్కడం మర్చిపోయింది. ఇద్దరం ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని కాసేపు ఏడ్చి, ఆ నత్తను లెక్కలోంచి తీసేశాం. సమయం లేని నత్త లెక్కలోకి రాదు.

పదహారేళ్ల కిందట నిండు సభలో “ఇక కూర్చోమ్మా” అన్న పెద్దాయనకి ఫలితాలు పంపాను. ఆయన తన ప్రయోగశాలలో అదే చేసి చూసుకుని, నిన్న ఒక్క ముక్క జవాబు రాశాడు: ‘నిలబడు.’

ఈ కబురు తెలిసి డైరెక్టరు గారు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని దిగారు. పైఅంతస్తులో నాకు అద్దాల గది ఇస్తారట.

“సందర్శకులు బయటి నుంచి మిమ్మల్ని చూడొచ్చు” అన్నారు.

“నన్నెందుకండీ చూడటం? నత్తల్ని చూడమనండి. ఇక్కడికే వచ్చి.”

“పద్నాలుగో గది విశ్రాంతి మందిరానికి అనుకున్నాం కదా!”

“మీరు అనుకున్నారు. నేను ఎప్పుడూ అనుకోలేదు. వచ్చేటప్పుడు తలుపు తట్టి రండి, గట్టిగా కాకుండా.”

ఇక మీ సంగతి. నా పని పనికిరాదన్నవాళ్లని చూశాను. నవ్వినవాళ్లని చూశాను. కానీ వేసవి అంతా ప్రయోగం మధ్యలో ఒక్కో వివరం అడిగి నా ప్రాణాలు తోడేసిన మీ అంత బండబుర్రను మాత్రం ఇంతవరకూ చూడలేదు. మీరు రిటైరవుతున్నారని తెలిసి మా గదిలో అరవై నత్తలూ ఒకేసారి తలలు బయట పెట్టాయి.

ఇట్లు,
పద్నాలుగో గదిలోనే ఉన్న, ఉండబోయే శాస్త్రవేత్త

తా.క.: సంఘం తరఫున మీకు వీడ్కోలు సభ లేదు.

*

సెప్టెంబరు 4

అమ్మా,

నమస్కారం. ఈ ఉత్తరం ఇంటి నుంచి, నా చేత్తో రాస్తున్నాను. టైపిస్టులు లేరు కాబట్టి తప్పులు నావే.

మీరు నన్ను బండబుర్ర అన్నారు. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నా పని ఇంత బాగా చేశానని ఎవరూ అనలేదు. ఆ ఉత్తరం కార్యాలయంలో వదలకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేపల చెవుల మీద పనిచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన గది ఖాళీ చేయించమని నాకు ఆదేశం వచ్చింది. మూడు రోజుల్లో చేయించాను. శభాష్ అన్నారు. ఆయన వరండాలో, సీసాల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను పక్క నుంచి వెళుతుంటే, “ఇంకో నెల ఆగి ఉంటే తెలిసేదోయ్” అన్నారు. ఏం తెలిసేదో నేను అడగలేదు. ఆ తరవాత ఆయన రావడం మానేశారు. ఆ గదికి ఆరేళ్లు తాళం వేసే ఉంది. దానితో ఎవరికీ ఏ పనీ లేదు. రోజూ ఆ తాళం ముందు నుంచే నా బల్ల దగ్గరికి వెళ్లేవాణ్ని.

అప్పటి నుంచి వార్షిక నివేదికలు నంబరు వేసి పక్కన పెట్టకుండా చదవడం మొదలుపెట్టాను. మీవి ఇరవై రెండూ చదివాను. అందరూ ‘సాధించాము’, ‘నిరూపించాము’ అని రాస్తారు. ‘ఈ ఏడు కూడా తెలియలేదు’ అని రాసింది మీరొక్కరే. అలా రాసిన మనిషిని వరండాలో కూర్చోబెట్టడం నా చేత కాదనుకున్నాను.

ఎదురు తిరిగితే నన్ను మార్చి ఇంకొకరిని కూర్చోబెడతారు. నా దగ్గరున్నది ముప్పై ఒకటో నిబంధన ఒక్కటే: ఫైలులో జవాబు రాని ప్రశ్న ఉన్నంతకాలం గది జోలికి పోరాదు. ప్రశ్న పుట్టాలంటే ఎవరో ఒకరికి ఏదో ఒకటి అర్థం కాకపోవాలి. ఆ బాధ్యత నేను తీసుకున్నాను. రిసెప్టర్లంటే ఏమిటో, మందంటే ఏ మందో నాకు తెలుసమ్మా. ‘పని వేళల్లో మందు’ అని చెప్పి టైపు చేయిస్తున్నప్పుడు నవ్వాపుకోలేక నేను దగ్గు నటించాల్సి వచ్చింది. టైపిస్టు పరిగెత్తి నీళ్లు తెచ్చింది.

మా ఆవిడకి మీ ఉత్తరాలు చదివి వినిపించేవాణ్ని. “పాపం, ఎంత మండిపడుతోందో! నిజం చెప్పెయ్యొచ్చుగా” అనేది. చెబితే మీరు మంచిగా రాస్తారు. మంచిగా రాస్తే డైరెక్టరు గారికి అనుమానం వస్తుంది. ఆయనకి చూపించడానికి అసలు సిసలు కోపం కావాలి. మీరు ఎక్కడా తక్కువ చెయ్యలేదు.

ఇక మీ పదహారో ఏటి నివేదికలో, తొమ్మిదో పేజీ పట్టికలో, ముప్పై మూడు ఉండాల్సిన చోట ముప్పై ఎనిమిది పడింది. ఆరేళ్లుగా చెప్పాలనుకుంటున్నాను. తీరా ఉత్తరాలు నడిచేసరికి, బండబుర్ర వేషంలో ఉండి చెప్పలేకపోయాను.

ఇట్లు,
మాజీ పరిపాలనాధికారి

తా.క.: నా స్థానంలో వచ్చిన ఆయన చాలా చురుకైనవాడు, రాగానే మీ ఫైలు అడిగాడట. కంగారు పడకండి. చివరి రోజు సాయంత్రం అందులో ఇంకో ప్రశ్న పెట్టి వచ్చాను: ‘పద్నాలుగో గది రిసెప్టర్ల పదవీ విరమణ వయసు ఎంత?’ మీరు బతికుండగా దానికి జవాబు రాయకండి.